గోదావరి డెల్టాలో ఆడగుర్రాన్ని దూరసవారీకి తయారు చేయడం: మొదటి నడక నుంచి 40 కిలోమీటర్ల దాకా

జీను వేయించుకోవడం అలవాటై, ఆరోగ్యంగా ఉన్న ఆడగుర్రాన్ని ఆరు నెలల్లో 40 కిలోమీటర్ల సవారీకి ఎలా తీసుకురావాలన్నదే ఇక్కడ విషయం. గుర్రానికి 5 ఏళ్లు నిండకపోతే ఈ పని ఇప్పుడే మొదలుపెట్టకండి. ఎముకలు ఇంకా ముదరలేదు.

అన్నిటికన్నా ముందు ఒకటి గట్టిగా చెప్పాలి. గుండె, ఊపిరి రెండు నెలల్లో కుదురుకుంటాయి. కండరాలకు మూడు నాలుగు నెలలు పడుతుంది. కాళ్ల స్నాయువులు, కీళ్లు, ఎముక, గిట్ట గట్టిపడటానికి ఆరు నెలలు చాలవు, ఏడాది దాకా పడుతుంది. అందుకే మూడో నెలలో గుర్రం రొప్పు లేకుండా పరిగెడుతూ, ఇంకా పరిగెత్తిస్తే బాగుండునన్నట్టు ఉంటుంది. కాళ్లు దెబ్బతినేది ఎక్కువగా ఆ నెలలోనే. కింద రాసిన వరస అంతా కాళ్లను బట్టి పెట్టింది, ఊపిరిని బట్టి కాదు.

## 1. జీను వేసే ముందు చేయించాల్సిన పరీక్షలు

మన దగ్గర పశువైద్యులు ఎక్కువగా చూసేది గేదెల్ని, ఆవుల్ని. గుర్రాలు చూసిన అనుభవం ఉన్న డాక్టరు ఎవరో ముందే కనుక్కుని, నంబరు దగ్గర పెట్టుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కుంటే ఆలస్యమైపోతుంది.

చేయించాల్సినవి:

- చూడి ఉందా లేదా అని స్కానింగ్. దాటించిన 14–16 రోజులకే తెలుస్తుంది.
- సర్రా వ్యాధికి రక్తపరీక్ష. జోరీగల వల్ల వస్తుంది. వానాకాలం గడిచాక మరీ ముఖ్యం.
- గ్లాండర్స్, ఈక్వైన్ ఇన్ఫెక్షియస్ ఎనీమియా పరీక్షలు. పోటీకి వేరే ఊరు తీసుకెళ్లాలంటే ఎలాగూ అడుగుతారు.
- ధనుర్వాతం టీకా. రేబిస్, ఫ్లూ టీకాల గురించి కూడా అడగండి.
- పళ్లు. అంచులు పదునెక్కితే మేత సరిగా నమలదు, కళ్లేనికి తల విదిలిస్తుంది.
- గట్టినేల మీద తిన్నగా ట్రాట్ (నడక కన్నా వేగంగా, దౌడు కన్నా నెమ్మదిగా సాగే పరుగు) చేయించి కుంటు ఉందేమో చూడటం.

సవారీ చేసేవాళ్ల బరువు, జీను బరువు కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. 375 కిలోల మార్వాడీ గుర్రమైతే 75 కిలోలు. ఇక్కడ సర్దుకుపోవడం కుదరదు.

## 2. ఎప్పుడు మొదలుపెట్టాలి

అక్టోబరు రెండో సగంలో మొదలుపెట్టి, మార్చి చివర్లో 40 కిలోమీటర్లకు రావడం డెల్టాకు సరిపడే లెక్క. ఏప్రిల్ నుంచి ఎండ, ఉక్క కలిసి వస్తాయి. అప్పుడు తెల్లవారుజామున నడక తప్ప మరేమీ వద్దు.

మధ్యలో అడ్డంకులు వస్తాయి. వాటిని ముందే లెక్కలో వేసుకోండి. నవంబరులో తుఫాను వానలు పడితే పుంతలన్నీ బురదవుతాయి. సార్వా కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, గట్ల మీద ట్రాక్టర్లు, కోత మిషన్లు తిరుగుతాయి. సంక్రాంతి మూడు రోజులూ మైకులు, కార్లు, బరుల దగ్గర జనం ఉంటారు. ఆ మూడు రోజులు గుర్రానికి సెలవు ఇచ్చేయండి. జనవరి మంచులో ఏటిగట్టు మీద ఎదురొచ్చే లారీ దగ్గరికి వచ్చేదాకా కనపడదు. మంచు విడిచాకే బయలుదేరండి, మెరిసే పట్టీ ఉన్న జాకెట్ వేసుకోండి.

వానవల్ల వారం పోతే, ఆ వారాన్ని తర్వాతి వారంలో కలిపి చేయించకండి. ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టాలి. రెండు వారాలు పోతే, ఆగిన చోటు నుంచి ఒక వారం వెనక్కి వెళ్లాలి.

## 3. నేల ఎంచుకోవడం

మన నేల చదును, మెత్తన. కొండ లేదు. గుండెకు పని పెట్టడానికి ఎత్తు దొరకదు. మెత్తటి నేల మీదే తిరిగిన గుర్రం కాళ్లు గట్టినేలకు అలవాటు పడవు.

కాలవ గట్లు, ఏటిగట్లు: మన అసలు మైదానం ఇదే. మట్టి, గ్రావెల్ కలిసిన గట్టు మీద ట్రాట్ చక్కగా సాగుతుంది. గౌతమి, వశిష్ఠ పక్కన ఏటిగట్టు నుంచి లంకల్లోకి దిగే ర్యాంపులు ఉంటాయి. నాలుగో నెల నుంచి ఆ ర్యాంపులే మన కొండ. ఎక్కేటప్పుడు ట్రాట్, దిగేటప్పుడు నడక.

నల్లరేగడి పుంతలు: తడిగా ఉంటే వెళ్లకండి. బురద గిట్టను పట్టి లాగుతుంది, స్నాయువు మీద భారం పడుతుంది. ఎండి నెర్రెలిచ్చినప్పుడు కూడా ప్రమాదమే, కాలు నెర్రెలో దిగుతుంది.

సముద్రపు ఒడ్డు: అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉన్నవాళ్లకు ఇసుక అందుబాటులో ఉంటుంది. అల వెనక్కి వెళ్లాక గట్టిగా ఉండే తడి ఇసుక మంచిది. కాలు దిగబడే పొడి ఇసుకలో మొదటి మూడు నెలలు నడక కూడా వద్దు. తర్వాత పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి.

సీసీ రోడ్డు, తారు రోడ్డు: నడక మాత్రమే. రోజుకు పది పదిహేను నిమిషాలు గట్టినేల మీద నడిపిస్తే ఎముకకు మంచిదే. ట్రాట్ వద్దు.

చెరువు గట్ల విషయంలో జాగ్రత్త. చేపల చెరువులు, రొయ్యల చెరువుల మీద పిట్టలు వాలకుండా తీగలు కడతారు. రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) ఒక్కసారిగా మోగితే కొత్త గుర్రం పక్కకు దూకుతుంది. మొదట దిగి, పక్కన నడిపించి ఆ చప్పుడు అలవాటు చేయండి. కొత్త గట్టు మీదికి వెళ్లేముందు అక్కడి రైతుని ఒక్క మాట అడగండి: "బాబాయ్, గట్టు ఎక్కడైనా తెగిందా, తీగలున్నాయా అండి?" దారి సంగతి ఆయన చెప్పినంత వివరంగా ఇంకెవరూ చెప్పలేరు.

## 4. మేత

డెల్టాలో గుర్రాలు పాడవడానికి సవారీ కన్నా మేత పెద్ద కారణమని నా గట్టి అభిప్రాయం. గేదెకు పెట్టేదే గుర్రానికీ పెట్టేస్తారు. గేదె కడుపు వేరు, గుర్రం కడుపు వేరు.

వరిగడ్డి: కడుపు నింపుతుంది, బలం ఇవ్వదు. అదొక్కటే పెడితే పేగులో గడ్డకట్టి కడుపునొప్పి వస్తుంది. మంచి ఎండుగడ్డికి తోడుగా కొద్దిగా చాలు.

తవుడు: భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రోజూ తవుడు పెడితే గుర్రం తన ఎముకల్లోని కాల్షియం తీసి వాడుకుంటుంది. మొదట కారణం తెలియని కుంటు వస్తుంది, ముదిరితే ముఖం ఎముకలు ఉబ్బుతాయి. పైగా పచ్చి తవుడు మన ఉక్కలో త్వరగా ముక్కిపోతుంది.

పారా గడ్డి, సూపర్ నేపియర్: వీటిలో ఆక్సలేట్లు ఉంటాయి. అవి కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. తవుడుతో కలిపి పెడితే నష్టం రెట్టింపు. ఇవే పెట్టక తప్పకపోతే కాల్షియం కార్బొనేట్ పొడి దాణాలో కలపాలి. ఎంతన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోండి. తాంబూలంలో వేసుకునే సున్నం మాత్రం పనికిరాదు, అది నోరు, కడుపు కాలుస్తుంది.

జనుము: వరి కోశాక పశువుల కోసం చల్లుతారు. గుర్రానికి వద్దు. ముఖ్యంగా గింజ విషం. కాలేయాన్ని, ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పచ్చిమేత కావాలంటే పిల్లిపెసర మంచిది. దాన్ని కూడా గుప్పెడుతో మొదలుపెట్టి వారం పది రోజుల్లో పెంచండి.

సుబాబుల్ ఆకు: జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. పెట్టకండి.

కోళ్ల దాణా: పెట్టకూడదు, పెట్టిన తొట్టి కూడా వాడకూడదు. కోళ్ల మేతలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు గుర్రం గుండెను ఆపేస్తాయి. కొన్ని పశువుల దాణాల్లో కూడా మోనెన్సిన్ ఉంటుంది. కోళ్లఫారాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో దాణా మిల్లు నుంచి బస్తా తెచ్చుకునేవాళ్లు, అంతకుముందు ఆ మిషన్‌లో ఏం ఆడించారో అడిగి తీరాలి.

మరి ఏం పెట్టాలి? 375 కిలోల గుర్రానికి రోజుకు ఆరు నుంచి ఏడున్నర కిలోల మంచి ఎండుగడ్డి. అందులో కొంత లూసర్న్ (పప్పుజాతి మేత) అయితే కాల్షియం కూడా అందుతుంది. పని పెరిగే కొద్దీ ఓట్స్, నానబెట్టి ఉడికించిన ఉలవలు. ఒక పూటకు దాణా కిలోన్నర దాటకూడదు. మూడో నెల నుంచి వంటనూనె రోజుకు 50 మి.లీ.తో మొదలుపెట్టి మెల్లగా 150 మి.లీ. దాకా పెంచవచ్చు. నూనె వల్ల ఒంట్లో వేడి తక్కువ పుడుతుంది కాబట్టి మన వాతావరణానికి సరిపోతుంది.

పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి స్పష్టంగా కనపడకూడదు. ప్రతి వారం ఒకే చోట, ఒకే వెలుగులో ఫొటో తీయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

సెలవు రోజు దాణా సగానికి తగ్గించాలి. పని లేకుండా నిండుగా దాణా తిన్న గుర్రాన్ని మర్నాడు పరిగెత్తిస్తే కండరాలు బిగుసుకుపోతాయి. కంగారు స్వభావం ఉన్న చిన్న వయసు ఆడగుర్రాల్లో ఇది ఎక్కువ. వెనకకాళ్లు కదలక, మూత్రం కాఫీ రంగులో వస్తే ఒక్క అడుగు కూడా నడిపించకుండా డాక్టరుని పిలవండి.

## 5. నాడి చూడటం

స్టెతస్కోప్ కొనండి. ఎడమ మోచేయి వెనక, పొట్టపట్టీ వచ్చే చోట పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. లబ్-డబ్ రెండూ కలిపి ఒకటే లెక్క.

- పొద్దున్నే, మేతకు ముందు: నిమిషానికి 28–44. మీ గుర్రం మామూలు అంకె ఎంతో పది రోజులు రాసుకుంటే తెలుస్తుంది.
- ఆ అంకె కన్నా 8 పెరిగితే ఆ రోజు పని ఆపి టెంపరేచర్ చూడండి. 99–101 ఫారెన్‌హీట్ మామూలు. జ్వరం వస్తూ పోతూ ఉంటే సర్రా అనుమానించాలి.
- పని ఆపిన పది నిమిషాలకు: 64 లోపు. బాగా కుదిరిన గుర్రం 56కి వస్తుంది.

ఇంకొక పరీక్ష ఉంది. నాడి లెక్కపెట్టండి. సుమారు 40 మీటర్లు పరిగెత్తించి వెనక్కి తెండి. బయలుదేరినప్పటి నుంచి సరిగ్గా నిమిషానికి మళ్లీ లెక్కపెట్టండి. అంతే ఉన్నా, తగ్గినా మంచిది. 4 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగితే గుర్రం అలిసిందో, ఎక్కడో నొప్పి ఉందో. పోటీల్లో డాక్టర్లు చూసేదీ ఇదే.

## 6. నెలవారీ వరస

వారానికి నాలుగు రోజులు పని, మూడు రోజులు విశ్రాంతి. విశ్రాంతి రోజున కట్టేసి ఉంచకండి, తోటలో తిరగనివ్వండి. దూరం, వేగం, నేల, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కటే పెంచాలి. ప్రతి నాలుగో వారం పని మూడో వంతు తగ్గించండి. కాళ్లు గట్టిపడేది ఆ తగ్గించిన వారంలోనే.

మొదటి నెల. నడక మాత్రమే. అరగంటతో మొదలై గంటంబావు దాకా. చురుగ్గా, గంటకు ఆరు కిలోమీటర్ల పైన. చాలామంది విసుగొచ్చి ఈ నెల ఎగ్గొడతారు. దయచేసి ఎగ్గొట్టకండి.

రెండో నెల. రెండు నిమిషాల ట్రాట్, అయిదు నిమిషాల నడక. రోజుకు 8–10 కిలోమీటర్లు.

మూడో నెల. ట్రాట్ ఒక్కో విడత పది నిమిషాలు. వారానికి ఒక పొడవు సవారీ, 15 కిలోమీటర్లు. గుర్రం లాగుతుంది, మీరు ఆపాలి. వేగం గంటకు 12 కిలోమీటర్లు దాటనివ్వకండి. ట్రాట్‌లో జీను మీద లేచి కూర్చునేటప్పుడు ఎప్పుడూ ఒకే ముందుకాలి అడుగుతో లేవకుండా వైపు మారుస్తూ ఉండండి. లేకపోతే వీపు, కాళ్లు ఒకే పక్క అరుగుతాయి.

నాలుగో నెల. పొడవు సవారీ 20–25 కిలోమీటర్లు. ఒక రోజు ర్యాంపులు లేదా ఇసుక నడక. మిగతా రెండు రోజులు తేలిక.

అయిదో నెల. 25 నుంచి 30 కిలోమీటర్లు, మధ్యలో 40 నిమిషాల విరామం. ఆ విరామంలో జీను తీసి, చల్లబరిచి, నాడి చూసి, గడ్డి పెట్టి, మళ్లీ బయలుదేరాలి. గుర్రానికీ మీకూ అలవాటైపోతే పోటీలో టెన్షన్ ఉండదు. మంచి నేల మీద రెండు మూడు నిమిషాల క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) ఇప్పుడు కలపవచ్చు.

ఆరో నెల. మొదటి వారంలో 30 కిలోమీటర్లు ఒక్కసారి. తర్వాత తగ్గించుకుంటూ రావాలి. ఇంటి దగ్గర 40 చేసి చూడాల్సిన పని లేదు. 30 తేలిగ్గా చేసిన గుర్రం 40 చేస్తుంది.

ప్రతి ఉదయం, జీను వేసే ముందు, నాలుగు కాళ్ల వెనక భాగం మోకాలి నుంచి కిందికి చేత్తో తడమండి. వేడి, వాపు, నొక్కితే కాలు లాక్కోవడం — ఒక్కటి ఉన్నా ఆ రోజు సవారీ లేదు.

## 7. ఉక్కలో చల్లబరచడం

గాలిలో తేమ ఎక్కువుంటే చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫారెన్‌హీట్‌లో ఉష్ణోగ్రత, తేమ శాతం కలపండి. 150 దాటితే జాగ్రత్త మొదలు. 180కి చేరితే సవారీ మానేయండి. మన దగ్గర శీతాకాలం తెల్లవారుజామునే 75, 85 కలిపి 160 అవుతుంది. అంటే డెల్టాలో ఏ రోజైనా చల్లబరిచే ఏర్పాటు లేకుండా బయలుదేరకూడదు.

ఆగగానే చల్లటి నీళ్లు ఒళ్లంతా పోయండి. మెడ, ఛాతీ, కడుపు కింద, తొడల లోపల. ఆపకుండా పోస్తూనే ఉండాలి. వేడి ఒంటి మీద చన్నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయన్న భయం నిజం కాదు. తడిగుడ్డ కప్పి వదిలేయడమే తప్పు, వేడి లోపలే ఉండిపోతుంది.

దారిలో తాగనివ్వండి. వేడిగా ఉన్న గుర్రానికి నీళ్లు పెట్టకూడదని పెద్దవాళ్లు అంటారు. దూరసవారీలో ఆ మాట వింటే గుర్రం ఎండిపోతుంది. అయితే మురుగుకాలవ నీళ్లు, చెరువుల నుంచి వదిలిన నీళ్లు, సముద్రం దగ్గరి ఉప్పునీళ్లు వద్దు. పంటకాలవలో తాగిస్తే తర్వాత ముక్కు, నోరు జలగల కోసం చూడండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ఆ నెలల్లో నీళ్లు మీరే తీసుకెళ్లాలి.

ఉప్పు: మామూలు రోజు 25–30 గ్రాములు దాణాలో. పొడవు సవారీ రోజున మరో 30–50 గ్రాములు, విడతలుగా. ఆ అదనంలో రెండు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్. వంటసోడా కలిసిన పొడులు దూరసవారీ గుర్రానికి తగవు. నీళ్లు తాగని గుర్రానికి ఉప్పు బలవంతంగా పట్టించకండి.

తీరప్రాంతంలో ఇంకో సమస్య ఉంది. కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. పని తర్వాత ఒళ్లు పొడిగా ఉండి, ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే అదే. శిక్షణ ఆపేసి, నీడ, ఫ్యాను, నీళ్లు పెట్టి, డాక్టరుకి చూపించాలి.

## 8. గిట్టలు

అయిదారు వారాలకు ఒకసారి చెక్కించాలి. గ్రావెల్ మీద ఎక్కువ తిరిగితే లాడాలు అవసరం. ఎద్దులకు లాడాలు కొట్టేవాళ్లతో మాత్రం కొట్టించకండి. ఎద్దు గిట్ట రెండు చీలికలు, గుర్రం గిట్ట ఒకటే. మేకు తప్పు చోట దిగితే నెలల శ్రమ పోతుంది. తెలిసిన మనిషిని దూరం నుంచైనా రప్పించండి. ఖర్చు నలుగురు గుర్రాలవాళ్లు పంచుకోవచ్చు.

వానాకాలంలో గిట్ట అడుగున కుళ్లు వాసన వస్తే రోజూ శుభ్రం చేసి, పల్చటి మైలుతుత్తం నీళ్లు పట్టించి, పొడి నేల మీద కట్టండి. నేల పొడిగా లేకపోతే మందు పనిచేయదు.

## 9. ఆడగుర్రం కాబట్టి

సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది, అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది. తేదీలు నాడి పుస్తకంలోనే రాయండి. ఆ రోజుల్లో కొన్ని మాటిమాటికీ మూత్రం పోస్తాయి, పొట్టపట్టీ బిగిస్తే చెవులు వెనక్కి పెడతాయి. వేగం పని తీసేసి తేలిక నడక పెట్టండి.

అయితే ప్రతి చిరాకునూ ఎద మీదికి తోయకండి. ఎద లేని రోజుల్లోనూ అలాగే ఉంటే జీను, వీపు, కడుపులో పుండ్లు చూడాలి. ఆడగుర్రం చెప్పేది వినకపోవడం నేను తరచూ చూసే అన్యాయం.

దారిలో మూత్రానికి ఆగితే ఆగనివ్వండి, రికాబుల మీద లేచి వీపు మీది బరువు తగ్గించండి. చూడి గుర్రానికి కొత్తగా శిక్షణ మొదలుపెట్టవద్దు. అంతర్జాతీయ నియమాల ప్రకారం నాలుగో నెల దాటిన చూడి గుర్రం గానీ, పిల్ల వెంట ఉన్న తల్లి గానీ పోటీలో పాల్గొనకూడదు. ఈనినదైతే పిల్ల పాలు మరిచి, తల్లి ఒళ్లు తేరుకున్నాకే మొదటి నెల నడక.

## 10. సవారీ రోజు, ఆ తర్వాత

ముందు పది రోజులు తేలిక పని. కొత్త జీను, కొత్త దాణా, కొత్త లాడం ఏదీ వద్దు. బయలుదేరడానికి నాలుగు గంటల ముందే దాణా ఆపి, గడ్డి మాత్రం ఉంచండి.

తీసుకెళ్లాల్సినవి:

- స్టెతస్కోప్, థర్మామీటర్, నాడి పుస్తకం
- పరీక్షల రిపోర్టులు, టీకా కాగితాలు
- నీళ్ల డ్రమ్ములు, మగ్గులు, ఇంటి ఎండుగడ్డి, ఉప్పు
- తన్నే గుర్రమైతే తోకకు ఎర్ర రిబ్బన్

గుంపుతో కాకుండా కాస్త వెనక బయలుదేరండి. గంటకు పది కిలోమీటర్ల చొప్పున వెళ్తే 40 కిలోమీటర్లు నాలుగు గంటలు. ఇంటి దగ్గర చేసిన వేగమే ఇక్కడా. పంటి చిగురు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. కడుపులో చప్పుళ్లు వినపడాలి. గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క ఎగిరిపడుతుంటే లవణాలు బాగా తగ్గాయని అర్థం, అక్కడితో ఆపేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ముగిశాక రెండు రోజులు పూటపూటకూ కాళ్లు తడమండి, టెంపరేచర్ చూడండి, మేత ఎంత తిన్నదో రాయండి. దాణా రెండు రోజుల్లో మెల్లగా మామూలుకి తేవాలి. వారం పాటు జీను వద్దు, తోటలో తిరగనివ్వండి. రెండో వారం నడక. 20 కిలోమీటర్లు మూడో వారంలో, అది కూడా పొద్దుటి నాడి పాత అంకెకు వచ్చి ఉంటేనే.